షాపు లేకుండానే వ్యాపారం.. ఫోన్‌తో మొదలుపెట్టేవారు ముందే వేసుకోవాల్సిన లెక్కలివే!

విజయవాడ: బీసెంట్ రోడ్డులో చిన్న షాపు తీసుకోవాలన్నా ముందు అడ్వాన్స్ కట్టాలి. ఆపై నెలనెలా అద్దె, కరెంటు బిల్లు, కౌంటర్ దగ్గర కూర్చోవడానికి ఓ మనిషి. అదే సరుకును ఇంట్లో పెట్టుకుని ఫోన్‌లో అమ్మితే? ఈ అద్దె, అడ్వాన్స్ ఏదీ ఉండదు. అందుకే విజయవాడ, మచిలీపట్నం, గుడివాడ.. ఎక్కడ చూసినా ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ పేజీ, వాట్సాప్‌లో ఓ నంబర్‌తో వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు కనిపిస్తున్నారు. పేజీ తెరవడానికి పది నిమిషాలు చాలు. దాన్ని ఏడాది పాటు నడపడమే అసలు పని. ఫోన్ కస్టమర్‌ను తెచ్చి ఇస్తుంది, కానీ ఆ కస్టమర్ రెండోసారి కొనాలంటే సరుకు, లెక్క, మాట మూడూ సరిగ్గా ఉండాలి. వాటి గురించి ఒక్కొక్కటిగా చూద్దాం.

అన్నీ కాదు.. ఒక్కటే అమ్మండి

చీరలు, నగలు, పచ్చళ్లు, బొమ్మలు అన్నీ ఒకే పేజీలో పెడితే చూసేవాళ్లకు మీరేం అమ్ముతారో గుర్తుండదు. పైగా అన్నీ ఒకేచోట అమ్మే పెద్ద కంపెనీలతో ధరలో పోటీ పడటం ఇంటి నుంచి నడిపే వ్యాపారానికి కుదరని పని. వాళ్ల దగ్గర దొరకని, లేదా వాళ్లు శ్రద్ధ పెట్టని ఒకే రకం సరుకును ఎంచుకోవాలి.

ఆ విషయంలో ఈ ప్రాంతం అదృష్టవంతురాలే. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉంది. తెల్లపొణికి చెక్కతో చేసే అక్కడి బొమ్మలకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. పెడన, మచిలీపట్నం వైపు వెళ్తే అచ్చుల కలంకారీ. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు. బందరు లడ్డూ సంగతి చెప్పక్కర్లేదు. కృష్ణ దాటితే మంగళగిరి చేనేత.

వీటిలో ఒక్కటి తీసుకుని, అందులోనూ ఇంకాస్త చిన్న గీత గీసుకోవాలి. 'కొండపల్లి బొమ్మలు' అంటే పెద్ద మాట. 'బొమ్మల కొలువు కోసం కొండపల్లి సెట్లు' అంటే ఎవరికి అమ్ముతున్నారో స్పష్టంగా తెలుస్తుంది. దశావతారాల సెట్టు కోసం బెంగళూరులో ఒకరు, పుణెలో ఒకరు, డల్లాస్‌లో ఒకరు వెతుకుతుంటారు. ఊరికి ఒకరిద్దరే ఉంటే షాపు నడవదు. ఊరూరా ఉన్న ఆ ఒకరిద్దర్నీ కలిపితే మాత్రం ఓ చిన్న ఇంటి వ్యాపారానికి సరిపడా గిరాకీ వస్తుంది. ఇంటర్నెట్ చేసే పని ఇదే.

దూరపు కొనుగోలుదారు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టిందే ఇక్కడి బట్టల కోసం. అప్పుడు కొనేవాడికీ నేసేవాడికీ మధ్య ఓడలు, దళారులు ఉండేవారు. ఇప్పుడు కొనేవాళ్లు నేరుగా మీ ఫోన్‌కే మెసేజ్ పెడతారు.

మొదటి 50 మంది ఎక్కడ దొరుకుతారు?

ముందు వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి. 2018 నుంచి మన దేశంలో ఉచితంగా దొరుకుతోంది. సొంత నంబర్ కాకుండా వ్యాపారానికి వేరే సిమ్ పెట్టుకోవడం మంచిది. ఇందులో క్యాటలాగ్ ఉంటుంది. ప్రతి వస్తువుకూ ఫొటో, ధర, సైజు పెట్టేయొచ్చు. 'ధర కోసం మెసేజ్ చేయండి' అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా రాస్తే సగం మంది అడగకుండానే వెళ్లిపోతారు. ధర పైకే చెప్పండి.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒక్కోదానికి 256 మంది వరకు చేర్చుకోవచ్చు. కానీ మీ నంబర్‌ను సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. కాబట్టి ప్రతి పార్సిల్‌లో చిన్న కార్డు పెట్టి, నంబర్ సేవ్ చేసుకోమని అడగాలి. అడగని వాళ్లను గ్రూపుల్లోకి లాగొద్దు. బ్లాక్ చేస్తారు, ఎక్కువమంది రిపోర్ట్ చేస్తే నంబరే పోతుంది.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ కొత్తవాళ్లను తెచ్చేవి. మొదటి నెలలోనే యాడ్స్‌కు డబ్బు పోయొద్దు. ముందు తెలిసినవాళ్లలో, వాళ్లకు తెలిసినవాళ్లలో 50 మందికి అమ్మండి. వాళ్లు ఏం అడిగారు, ఏది కొన్నారు, ఏది వెనక్కి పంపారు అనేది నోటు పుస్తకంలో రాసుకోండి. యాడ్ ఎవరికి చూపించాలో ఆ పుస్తకమే చెబుతుంది. సీజన్ కూడా ముఖ్యమే. సంక్రాంతి కొలువు బొమ్మల పోస్టులు భోగి ముందు రోజు పెడితే లాభం లేదు. పార్సిల్ చేరే టైమ్ కలుపుకొని నవంబర్ చివర్లోనే మొదలుపెట్టాలి.

తయారీ చూపించండి.. నమ్మకం అదే వస్తుంది

కొనేవాళ్లు సరుకును చేత్తో పట్టుకుని చూడలేరు. మరి దేన్ని చూసి నమ్ముతారు? తయారయ్యే తీరు చూసి. పెడన కలంకారీలో గుడ్డను కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టడం, టేకు చెక్క అచ్చులతో అద్దడం, కాలువ నీళ్లలో ఉతకడం.. ఇవన్నీ అర నిమిషం వీడియోలకు సరిపోయే దృశ్యాలే. అయితే కార్మికుల అనుమతి తీసుకునే షూట్ చేయండి.

ఇక్కడే ఓ ప్రమాదం ఉంది. మార్కెట్లో కలంకారీ డిజైన్‌తో స్క్రీన్ ప్రింట్ గుడ్డ తక్కువ ధరకు దొరుకుతుంది. దాన్ని స్క్రీన్ ప్రింట్ అని చెప్పి అమ్మితే తప్పు లేదు. అచ్చు కలంకారీ అని చెప్పి అమ్మితే మోసం. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం, నకిలీ సరుకుకు జీఐ పేరు తగిలిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. చట్టం దాకా పోకముందే ఒక్క కస్టమర్ కామెంట్ చాలు, పేరు పోవడానికి.

రూ.650కి అమ్మితే మిగిలేదెంత?

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఓ ఉదాహరణ చూద్దాం. బొమ్మ రూ.400కు తెచ్చారు. కొరియర్‌కు రూ.100. మొత్తం రూ.500 కదా, రూ.650కి అమ్మితే రూ.150 లాభం అనుకుంటారు. కానీ అట్టపెట్టె, బబుల్ ర్యాప్, టేపుకు రూ.40 అయింది. యాడ్‌కు రూ.1,200 పెడితే 20 ఆర్డర్లు వచ్చాయి, అంటే ఆర్డర్‌కు రూ.60. ఇరవైలో ఒక బొమ్మ దారిలో విరిగింది. మళ్లీ పంపాలి. బొమ్మ, ప్యాకింగ్, కొరియర్ కలిపి రూ.540. అది ఇరవై ఆర్డర్ల మీద పంచితే రూ.27. ఇప్పుడు కలపండి: 400, 100, 40, 60, 27. మొత్తం రూ.627. మిగిలింది రూ.23! అందులో మీ కష్టానికి కూలీ ఇంకా వేసుకోలేదు.

కాబట్టి ధర పెట్టేముందే ఈ ఐదు అంకెలూ కాగితం మీద రాయండి. క్యాష్ ఆన్ డెలివరీ ఒప్పుకుంటే ఇంకో ఖర్చు ఉంటుంది. పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపిస్తే రానూపోనూ ఛార్జీలు మీ మీదే పడతాయి. కొత్తలో ముందు డబ్బు కట్టినవాళ్లకే పంపడం క్షేమం. దగ్గరి ఊళ్లకు ఆర్టీసీ కార్గో రేటు కూడా కనుక్కోండి. కస్టమర్ బస్టాండ్‌కు వచ్చి తీసుకుంటానంటే ఇద్దరికీ కలిసొస్తుంది.

హైదరాబాద్‌కు పంపితే జీఎస్టీ సంగతేంటి?

టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదని చాలామంది ధీమాగా ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవారికి ఆ పరిమితి ఉన్నమాట నిజమే. అయితే అది రాష్ట్రం లోపల అమ్ముకునేవారికి. 2014 విభజన తర్వాత హైదరాబాద్ వేరే రాష్ట్రంలో ఉంది. విజయవాడ నుంచి కూకట్‌పల్లికి పంపే పచ్చడి సీసా కూడా చట్టం దృష్టిలో అంతర్రాష్ట్ర అమ్మకమే. అలా వస్తువులు అమ్మేవారు టర్నోవర్ ఎంత తక్కువైనా సరే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

చేతివృత్తుల వారికి ఇక్కడ ఓ వెసులుబాటు ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన హస్తకళా వస్తువులను రూ.20 లక్షల టర్నోవర్ వరకు రిజిస్ట్రేషన్ లేకుండానే వేరే రాష్ట్రాలకు అమ్ముకోవచ్చు. పాన్ ఉండాలి, ఈ-వే బిల్లు తీసుకోవాలి. ఆ జాబితాలో చెక్క బొమ్మలు, చేత్తో అద్దిన వస్త్రాలు ఉన్నాయి. ఆన్‌లైన్ మార్కెట్ సైట్ల ద్వారా అయితే, 2023 అక్టోబర్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారులు సొంత రాష్ట్రం వరకు అమ్ముకునే వీలు కల్పించారు. మీ సరుకు ఏ కోవలోకి వస్తుందో మొదటి పార్సిల్‌కు ముందే అకౌంటెంట్‌ను అడగండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు మాత్రం ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా చేసుకోవచ్చు.

అమెరికా పార్సిళ్ల సంగతి కూడా మారింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు కట్టాలనేది ఆర్డర్ తీసుకునేటప్పుడే తేల్చుకోకపోతే తర్వాత గొడవే. విదేశాలకు వ్యాపారంగా పంపాలంటే డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ నంబర్ కూడా కావాలి. దాని ఫీజు రూ.500.

తినేవైతే మరో మెట్టు

పచ్చళ్లు, పొడులు, స్వీట్లు ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తక్కువ టర్నోవర్ ఉన్నవారికి బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. వచ్చిన 14 అంకెల నంబర్ ప్యాకెట్ మీద ఉండాలి. దాంతోపాటు ఏమేం కలిపారు, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలి, ధర, తయారీదారు చిరునామా, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు, మాంసాహారమైతే గోధుమరంగు గుర్తు వేయాలి. ఇంటి వంటకు లేబుల్ ఎందుకండీ అనొద్దు. సీసా తెరిచేది మీ బంధువులు కాదు, మీరెప్పుడూ చూడని మనుషులు.

మోసగాళ్లూ ఆన్‌లైన్‌లోనే ఉంటారు

పెద్ద ఆర్డర్ ఇస్తున్నామని, డబ్బు పంపడానికి ఈ క్యూఆర్ స్కాన్ చేయండని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. పిన్ అడిగారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపితే దాన్ని నమ్మొద్దు, బ్యాంకు యాప్‌లో డబ్బు పడిందని చూసుకున్నాకే పార్సిల్ కట్టండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ రెండింటికీ టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. ఖాతా పోతే కస్టమర్లంతా పోయినట్టే కాబట్టి, వాళ్ల నంబర్లు పుస్తకంలో కూడా రాసి ఉంచుకోవాలి.

రిప్లై ఇచ్చే ముందు ఒక్క నిమిషం

2025 ఏప్రిల్‌లో గోదావరి జిల్లాల్లోని ఓ పచ్చళ్ల వ్యాపారం ఎలా రచ్చకెక్కిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధర ఎక్కువగా ఉందన్న కస్టమర్‌కు వాట్సాప్‌లో తిట్లతో వెళ్లిన ఒక ఆడియో వైరల్ అయింది. రోజుల వ్యవధిలోనే వెబ్‌సైట్ మూతపడింది. సోషల్ మీడియాతో వచ్చిన పేరు సోషల్ మీడియాలోనే పోయింది.

బేరమాడటం, ధర ఎక్కువనడం మన దగ్గర తప్పేం కాదు. కాళేశ్వరరావు మార్కెట్‌లో రోజూ జరిగేదే. 'ఈ ధరకే వస్తుందండీ, ఇందులో ఇవి ఉంటాయి' అని ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. సరుకు పాడైపోయి చేరిందని ఫొటో పెడితే వాదించకుండా మార్చి ఇవ్వండి. ఆ ఖర్చు పైన చెప్పిన లెక్కలో ముందే వేసుకున్నారు కాబట్టి నష్టం అనిపించదు.

మొదలుపెట్టాలనుకుంటే ఈ వారం చేయాల్సినవి మూడే. ఒక సరుకు ఎంచుకోండి. తయారుచేసేవాళ్ల దగ్గరకు స్వయంగా వెళ్లి పది వస్తువులు మాత్రమే తెచ్చుకోండి. వాటికి ఐదు అంకెల లెక్క రాసి, ధరతో సహా ఫొటోలు పెట్టండి. ఆ పదీ అమ్ముడై, అందులో ఇద్దరు మళ్లీ అడిగితే అప్పుడు ముద్రా లోన్ గురించి ఆలోచించొచ్చు. శిశు విభాగంలో రూ.50 వేల వరకు ఇస్తారు. పది అమ్ముడుపోకపోతే పోయేది పది వస్తువుల ఖరీదే. అప్పు చేసి వంద తెచ్చి పెట్టుకుంటే మాత్రం ఇంట్లో సరుకూ మిగులుతుంది, వడ్డీ కూడా పెరుగుతుంది.