నొప్పి లేని పుండును నమ్మకండి

మగవారితో సంబంధం ఉన్న మగవారు మన ఊళ్ళలో లేరనుకోకండి. వారిలో పెళ్ళయినవారూ ఉన్నారు. పెద్దవాళ్ళు ఇష్టపడి పెట్టుకున్న ఇటువంటి సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పినా, నలుగురికీ తెలుస్తుందన్న భయం పోలేదు. అందుకే రేపల్లె మనిషి తెనాలికీ, తెనాలి మనిషి బాపట్లకీ వెళ్ళి, డాక్టరును చూడకుండా మందులషాపులో మాత్రలు కొనుక్కుంటాడు. పైగా ఇప్పుడు పరిచయాలు సెల్‌ఫోనులోనే అవుతున్నాయి. పేరైనా తెలియని మనిషికి "నాకు జబ్బు వచ్చింది, నువ్వూ చూపించుకో" అని ఎలా కబురు చేస్తారు? సుఖవ్యాధులు పెరగడానికి ఈ దాపరికమే పెద్ద కారణం.

సిఫిలిస్, అంటే సవాయి రోగం, మొదట చిన్న పుండుగా వస్తుంది. సాధారణంగా నొప్పి ఉండదు. మలద్వారం లోపల వస్తే కనబడనే కనబడదు. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. "తగ్గిపోయిందండీ" అంటారు. మానింది పుండే, క్రిములు ఒంట్లోనే ఉంటాయి. భార్యకూ, ఆమె కడుపులోని బిడ్డకూ సోకవచ్చు. పుండు ఉన్నప్పుడు హెచ్.ఐ.వి. కూడా తేలిగ్గా అంటుకుంటుంది.

గనేరియా గొంతులోనో, మలద్వారంలోనో ఉంటే తరచు ఏ బాధా తెలియదు, మూత్రపరీక్షకూ దొరకదు. కనుక సంబంధం ఎటువంటిదో డాక్టరుకు దాచకుండా చెప్పండి. చీదరించుకునే డాక్టరైతే మరొకరి దగ్గరకు వెళ్ళండి.

సిఫిలిస్‌ను రక్తపరీక్షతో పట్టవచ్చు. పెన్సిలిన్ పడనివారి సంగతి వేరు గాని, తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు చాలు. నిరోధ్ వాడేటప్పుడు కొబ్బరినూనె రాయకండి, చిరిగిపోతుంది. మీరు మందు తీసుకుని, భార్యకు పరీక్ష చేయించకపోతే ఆ జబ్బు ఆమె నుంచి మళ్ళీ మీకే రావచ్చు.