చేపల ఊరి నుంచి వెళ్లి.. జొన్నరొట్టె నేర్చుకున్నా!

సోమశిల అనగానే ఎవరైనా రెండే మాటలంటారు. ఒకటి కృష్ణమ్మ, రెండోది చేపలు. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దాటి మా ఊరికొస్తే శ్రీశైలం బ్యాక్‌వాటర్, సోమేశ్వరుడి గుడి, ఒడ్డున నూనెలో వేగుతున్న చేపల వాసన. అట్లాంటి ఊళ్లో పెరిగిన నాకు శాకాహారమంటే శివరాత్రి నాడో, జ్వరమొచ్చిన నాడో తినేది. ఇంజినీరింగ్ అయ్యి, ఉద్యోగం కోసం అమెరికా వెళ్లేదాకా అదే అభిప్రాయం.

న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఒక ఫ్లాట్‌లో నలుగురం దిగాం. ఒకడిది సూరత్, ఒకడిది మధురై, ఇంకొకడిది విజయవాడ. మొదటి ఆదివారం నేనే ఉత్సాహంగా చేపలు వేయించా. ఆ తర్వాత రెండు రోజులు సూరత్ అబ్బాయి బ్రెడ్డు, పల్లీల బటరే తిన్నాడు. ‘ఏమైంది, ఒంట్లో బాలేదా?’ అనడిగితే, ‘మనకున్నది ఒక్కటే పెనం కదా’ అన్నాడు మెల్లగా. ఇంత చాదస్తమా అని ముందు చిరాకేసింది. నావల్ల రెండు రోజులు సరిగ్గా తినలేదని గుర్తొచ్చి, కాసేపటికి సిగ్గేసింది. ఆ సాయంత్రమే రెండో పెనం కొన్నాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా అందరికీ ఒకే వంట, అదీ శాకాహారం, వంతులవారీగా అని ఒప్పందం చేసుకున్నాం.

సూరత్ అబ్బాయి వంతు రోజు దాల్ ఢోక్లీ చేశాడు. గోధుమ పిండిని పల్చగా ఒత్తి, ముక్కలు కోసి, ఉడుకుతున్న కందిపప్పులో వేస్తారు. పల్లీలు, కాస్త పులుపు, బెల్లం. పప్పులో బెల్లమేంది అనుకున్నా. మూడోసారికి నేనే ముందు గిన్నె చాపా! విజయవాడ వాడి పప్పుచారుకైతే ఎవరూ పోటీ రాలేదు.

ఒక ఆదివారం మధురై అబ్బాయి మమ్మల్ని న్యూయార్క్ తీసుకెళ్లాడు. 7వ నంబరు రైలెక్కి చివరి స్టేషన్ ఫ్లషింగ్‌లో దిగి నడిస్తే గణేశుడి గుడి. 1977 జులై 4న కుంభాభిషేకం జరిగిన ఈ గుడి, అమెరికాలోని తొలితరం హిందూ దేవాలయాల్లో ఒకటి. కింద క్యాంటీన్ ఉంది. మన దేశం మొహం చూడనివాళ్లు కూడా దోసె కోసం వరుసలో నిలబడి ఉన్నారు. వాళ్లెవరికీ అది ఉపవాసం తిండి కాదు.

ఇక నా వంతు. చేప లేకుండా నాకొచ్చిన వంటేంది? కిరాణా కొట్టులో ‘జువార్’ అని రాసిన పిండి ప్యాకెట్ కనిపించింది. ‘చలికాలం మా సూరత్‌లో లేత జొన్నల్ని కాల్చి పోంక్ అని తింటాం’ అన్నాడు మావాడు. మా చేలల్లో పచ్చి కంకులు కాల్చి నలుపుకుని తినడం గుర్తొచ్చింది. జొన్నంటే మా పాలమూరు పేదల తిండి అనుకునేవాణ్ని. తీరా చూస్తే ప్రపంచంలో జొన్న ఎక్కువగా పండించే దేశాల్లో అమెరికా ఒకటి. కాన్సాస్ రాష్ట్రం అందులో ముందుంటుంది. కాకపోతే అక్కడ చాలావరకు పశువుల దాణాకు, ఇథనాల్ తయారీకి, ఎగుమతికే పోతుంది.

నానమ్మను మేం అవ్వ అంటాం. వీడియో కాల్ చేశా. ‘మసిలే నీళ్లు పోసి పిసుకు బిడ్డా, సల్లనీళ్లు పోస్తే ఇరుగుతది’ అంది. గోధుమలో ఉండే జిగురు జొన్నలో ఉండదు. వేడి నీళ్లు పోస్తేనే పిండి పట్టుకుంటుంది. చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచెయ్యి అద్దాలి. నా మొదటి రొట్టె ముక్కలైంది. అయిదోది నిలబడింది. పచ్చిపులుసు, పల్లీల తొక్కుతో నలుగురం తిన్నాం.

‘అమెరికా పోయి గదే తింటున్నవారా? మేం దినాం తిన్నది గదే’ అని నవ్వింది అవ్వ.

ఆ మాట నన్ను ఆపేసింది. మా ఇంట్లో చేప వండిన రోజు ముక్కలన్నీ పిల్లల కంచాల్లోకే వచ్చేవి. ‘నాకు రొట్టె చాలు’ అనేది అవ్వ. ఆమెకు చేపలు ఇష్టం లేవనుకున్నా, ఇన్నేళ్లూ.

నేనేం శాకాహారిగా మారలేదు. కానీ శాకాహారమంటే చేప తగ్గిన భోజనం కాదని, అదొక నిండు భోజనమని స్నేహితుల వల్లే తెలిసింది. మా ఇంట్లో అది ఎవరి కంచంలో ఉండేదో కూడా తెలిసింది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే అవ్వ చేపలు తెప్పించి పెట్టింది. చేతులు వణికి ఇప్పుడామె రొట్టె తట్టలేకపోతోంది. ‘ఈరోజు రొట్టె నేను చేస్తా’నని పొయ్యి ముందు కూర్చున్నా. ‘అంచులు పగిలినయ్’ అంటూనే రెండు తిన్నది. ఆమె కంచంలో పెద్ద చేప ముక్క వేశా. వద్దంటుందనుకున్నా.

‘ముల్లు తీసియ్యి బిడ్డా’ అంది. తర్వాత ఇంకో ముక్క అడిగింది.