లస్కరు నడిచే దారిలో సైకిలు

రాయచూరు దోఆబ్ కోసం బహమనీలూ విజయనగర రాజులూ తరతరాలు కొట్టుకున్నారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేల మీద పట్టు దొరకాలంటే రాయచూరు, ముదగల్ కోటలు రెండూ చేతిలో ఉండాలి. 1406లో ముదగల్‌కు చెందిన ఒక కంసాలి అమ్మాయి కారణంగా విజయనగర రాజు మొదటి దేవరాయలకూ బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకూ యుద్ధం జరిగిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాసిపెట్టాడు. అన్ని సైన్యాలు తొక్కిన ఆ నేలను ఇప్పుడు ముదగల్ కోట మీదినుంచి చూస్తే జొన్న, కంది, పత్తి చేలు, వాటి మధ్య బోడి గుట్టలు కనిపిస్తాయి. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర పారుతున్నా ఈ మిట్ట మాత్రం మబ్బుల వైపే చూస్తూ వచ్చింది. నది పల్లంలో ఉంటుంది, చేను మిట్టన ఉంటుంది. నీటిని ఆ తేడా దాటించిన కాలువలు ముదగల్‌కు దక్షిణాన ఉన్నాయి. వాటి గట్లంత మంచి సైకిలు దారులు మన దక్కనులో చాలా తక్కువ.

ముదగల్ నుంచి లింగసుగూరు మీదుగా, అశోకుడి పేరున్న శాసనం దొరికిన మస్కి దాటి, సింధనూరు వైపు దిగుతుంటే ఎండు నేల పచ్చబడుతుంది. అక్కడినుంచి తుంగభద్ర ఎడమ కాలువ ఆయకట్టు. హోస్పేట దగ్గర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న ఒక ఒడ్డున మద్రాసు ప్రభుత్వమూ, రెండో ఒడ్డున నిజాం ప్రభుత్వమూ శంకుస్థాపన చేశాయి. 1953లో నీళ్ళు వదిలారు. ఎడమ ప్రధాన కాలువ 227 కిలోమీటర్లు. కొప్పళ జిల్లా గుట్టల్లోంచి బయటపడి గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి ప్రాంతాలకు నీళ్ళిస్తూ రాయచూరు వైపు సాగుతుంది.

ఇలాంటి కాలువను తవ్వే ఇంజనీరుకు వాలే ప్రాణం. పంపు అవసరం లేకుండా నీళ్ళు తమంత తాము పారాలి. వాలు ఎక్కువ పెడితే ప్రవాహం గట్టును కోసేస్తుంది; పైగా కాలువ తొందరగా పల్లానికి దిగిపోయి మిట్టన ఉన్న చేలకు నీళ్ళెక్కవు. మరీ తక్కువ పెడితే ఒండ్రు పేరుకుపోతుంది. అందుకని పెద్ద కాలువలకు సాధారణంగా కిలోమీటరుకు పదీ ఇరవై సెంటీమీటర్ల వాలు పెడతారు. గుట్ట అడ్డమొస్తే కాలువ దాన్ని ఎక్కదు, అదే ఎత్తున చుట్టి వస్తుంది. వాగు అడ్డమొస్తే దాని మీదుగా వంతెనలా దాటుతుంది, లేదంటే వాగునే తన అడుగు నుంచి పంపిస్తుంది.

నీళ్ళ కోసం వేసిన ఈ లెక్క సైకిలుకు ఎలా కలిసొస్తుందో చూడండి. మనిషీ సైకిలూ కలిపి ఎనభై కిలోలు అనుకుందాం. నూరు మీటర్లకు ఒక్క మీటరు లేచే ఎక్కుడు కంటికి సరిగా ఆనను కూడా ఆనదు. కానీ గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్ళకు అది శ్రమను దాదాపు రెట్టింపు చేస్తుంది. కాలువ వాలు అందులో యాభయ్యో వంతో, ఇంకా తక్కువో. అందుకే గట్టు మీద గేర్లు లేని పాత సైకిలు కూడా హాయిగా పోతుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళూ భయపడక్కర్లేదు. ఎక్కుళ్ళు లేనిచోట మిగిలే ప్రత్యర్థి గాలి ఒక్కటే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఆ నెలల్లో గంగావతి నుంచి సింధనూరు వైపు, అంటే నీళ్ళు పోయే దిక్కుకే తొక్కుకుంటూ పోయి, తిరుగు ప్రయాణానికి బస్సు చూసుకోవడం మేలు.

ఇంతకీ అక్కడ దారి ఎందుకుందంటే, గండి భయం వల్ల. పెద్ద కాలువ రెండు గట్లలో ఒకదాన్ని జీపు పట్టేంత వెడల్పుగా వేస్తారు. గండి పడితే మొరం, ఇసుక బస్తాలు, మనుషులు గంటల్లో అక్కడికి చేరాలి కదా. మామూలు రోజుల్లో ఆ దారి కాలువ నీటిని కాచే లస్కర్లది. పిల్లకాలువ తూము దగ్గర ఆగి, రాతి మీద గీసిన గేజి గుర్తుల్లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూస్తారు. గ్రీజు పట్టిన మర చక్రాన్ని కొద్దిగా తిప్పి తలుపు ఎత్తుతారు, లేదా దించుతారు. రాత్రిపూట ఎవరైనా తూము దగ్గర చెయ్యి పెట్టారేమో కనుక్కుంటూ ముందుకు పోతారు. ఊరికీ ఊరికీ మధ్య వేసిన దారి కాదు గనక బస్సులూ లారీలూ ఇటు రావు. అక్కడక్కడా ఒక ట్రాక్టరు, వెనక గడ్డిమోపు కట్టుకున్న మోపెడు, మేకల మంద ఎదురవుతాయి. కోస్తా రైతులు వచ్చి స్థిరపడిన క్యాంపుల నుంచి హైస్కూలుకు పోయే పిల్లల సైకిళ్ళూ ఎదురవుతాయి. కర్ణాటక ప్రభుత్వం 2006-07లో మొదలుపెట్టిన పథకం కింద ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్ళు వచ్చాక ఈ ప్రాంతపు ఆడపిల్లల చదువుకు అది పెద్ద ఆసరా అయింది.

ఐరోపా కాలువ గట్ల పుట్టుక వేరు. దక్షిణ ఫ్రాన్స్‌లో పియెర్ పాల్ రికే తవ్వించిన మిడి కాలువ 1681లో తెరుచుకుంది. దాని 240 కిలోమీటర్ల పొడవునా గట్టు మీద గుర్రాలు నడుస్తూ తాళ్ళతో పడవలను లాగేవి. పశువు లాగాలంటే దారి నిలకడగా, చదునుగా, నీటి అంచునే ఉండాలి. రైళ్ళు, లారీలు వచ్చాక సరుకు పడవలు ఆగిపోయాయి. ఖాళీ అయిన ఆ దారుల్లో ఇప్పుడు కుటుంబాలకు కుటుంబాలే సైకిళ్ళు వేసుకుని పోతున్నాయి.

అన్నిచోట్లా అది దానంతటదే జరిగిపోలేదు. అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా 297 కిలోమీటర్లు పోయే చెసపీక్–ఒహాయో కాలువలో పడవలు లాగింది కంచర గాడిదలు. 1924 వరదల తర్వాత కాలువ మూతపడింది. దాని వెంట మోటారు రోడ్డు వేద్దామన్న ఆలోచన వచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సంపాదకీయం రాసి దాన్ని బలపరిచింది. సుప్రీం కోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకులకు జవాబు రాస్తూ, నాతో కలిసి గట్టు పొడవునా నడిచి చూడండి, ఆ తర్వాత మాట్లాడండి అని పిలిచాడు. 1954 మార్చిలో నడక సాగింది. రోడ్డు ఆలోచన వెనక్కిపోయింది, 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక పార్కు అయింది. వర్జీనియా, మేరీలాండ్‌లలో స్థిరపడిన మన తెలుగువాళ్ళకు ఇవాళ పిల్లలతో సైకిలు తొక్కడానికి ఒక దారి దగ్గర్లో ఉందంటే ఆ నడక పుణ్యమే.

గోదావరి డెల్టాలోనూ అదే మలుపు వచ్చింది, కథ మాత్రం వేరేగా ముగిసింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఆర్థర్ కాటన్ పారించిన కాలువలు సేద్యానికీ పడవలకూ రెండింటికీ పనికొచ్చేవి. మట్టం మారిన చోటల్లా లాకులుండేవి. గాలి సాయం లేనప్పుడు పడవవాళ్ళు గట్టెక్కి తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. కాకినాడలో పడవెక్కినవాళ్ళు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా నీళ్ళమీదే పోగలిగేవాళ్ళు. పడవలు పోయాక ఆ గట్లు తారు రోడ్లయ్యాయి. రాజమండ్రి నుంచి కాకినాడ వైపు పోయే కెనాల్ రోడ్డు మీద ఇప్పుడు సైకిలుతో లారీల మధ్య పోవాలంటే గుండె దిటవు కావాలి. ఊళ్ళకు రోడ్లు కావాలి, ఆ మాట కాదనలేం. కానీ భూసేకరణ ఖర్చు లేకుండా దొరికిందని గట్టు మొత్తాన్నీ మోటార్లకు అప్పగించి, నడిచేవాళ్ళకు రెండు బారల మట్టి కూడా మిగల్చకపోవడం డెల్టాకు జరిగిన అన్యాయమనే నేనంటాను. మనం చెప్పుకుంటున్న తుంగభద్ర మీదే దిగువన, సుంకేసుల నుంచి సాగే కె.సి. (కర్నూలు–కడప) కెనాలును కూడా మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పడవలను దృష్టిలో పెట్టుకునే తవ్వింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానికి వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. దాని గట్ల గురించి ఎవరైనా ఇప్పుడే ఆలోచించాలి.

దోఆబ్ అంచున ఉన్న కాలువల్లో అన్నిటికన్నా పాతవి విజయనగర కాలువలు. నదిలో సహజంగా ఉన్న బండల మధ్య పెద్ద రాళ్ళు పేర్చి చిన్న ఆనకట్టలు కట్టి, నీటిని పక్కకు తిప్పిన పనితనం అది. రాయ కాలువ, బసవన్న కాలువల తలలు తుంగభద్ర జలాశయంలో మునిగిపోయాయి. వాటికిప్పుడు డ్యాము నుంచే నీళ్ళు. హంపి గుళ్ళకూ రాజప్రాసాదాల ప్రాంతానికీ నడుమ ఉన్న లోయలో తుర్తు కాలువ ఇప్పటికీ అరటి తోటలను తడుపుతోంది. నదికి ఉత్తరాన ఆనెగొంది, గంగావతి వైపు కూడా ఇలాంటి కాలువలున్నాయి. కొత్త కాలువ గట్టు మీద జీపు పోతుంది. వీటి వెంట చాలాచోట్ల మనిషీ సైకిలూ పట్టే బాట మాత్రమే. ఒక పక్క కొబ్బరి, అరటి నీడ, ఇంకోపక్క గుండ్రాళ్ళ గుట్ట. ఆ గుట్టను కాలువ ఎలా ఒరుసుకుంటూ తిరుగుతుందో చూస్తూ పోతే, ఇప్పటి సర్వే పరికరాలు లేని కాలంలో నీటి మట్టాన్ని ఎంత సన్నగా పట్టుకున్నారో పెడళ్ళ కింద తెలుస్తుంది. వీటిలో కొన్నిటికి ఈ మధ్య కాంక్రీటు పూత పూశారు. నీటి నష్టం తగ్గితే రైతుకు మంచిదే. నీడనిచ్చే గట్టు చెట్లను కొట్టకుండా ఆ పని చేస్తే ఇంకా మంచిది.

మళ్ళీ ఎడమ కాలువకు వస్తే, దాని గట్టు మీద మన భాష వినపడుతుంది. నీళ్ళు వచ్చిన కొత్తలో, 1950ల నుంచి, కృష్ణా గోదావరి జిల్లాల రైతులు అక్కడ కొంత పొలం అమ్ముకుని ఇక్కడ చవగ్గా ఎక్కువ భూమి కొనుక్కున్నారు. వాళ్ళు దిగిన చోట్లే క్యాంపులు. గంగావతి దగ్గరి శ్రీరామనగర్, సింధనూరు దగ్గరి గాంధీనగర్ అలా పెరిగినవే. నల్లరేగడిని చదును చేసి మళ్ళు కట్టి వరి నాటింది వీళ్ళే. అయితే ఈ కాలువను వరి కోసం లెక్కకట్టలేదు. కరువు ప్రాంతం గనక నీటిని పలచగా, వీలైనన్ని ఎక్కువ ఎకరాలకు అందించాలని, చాలా భాగం జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పైర్లకు కేటాయించారు. ఎగువన వరి పరుచుకునేసరికి మాన్వి, రాయచూరు తాలూకాల చివరి భూములకు నీళ్ళందడం కష్టమైంది. కారులో హైవే మీద పోతే ఈ సంగతి తెలియదు. గట్టు వెంట రెండు రోజులు తొక్కితే కళ్ళకు కడుతుంది: కారటగి దగ్గర గట్టుకు నిండుగా పారిన నీరు పోనుపోనూ సన్నబడుతుంది, కాలువలోకి దించిన పంపుల గొట్టాలు కనిపిస్తాయి, వరి పోయి పత్తి వస్తుంది. శ్రమపడి నేలను మార్చిన క్యాంపు రైతు మీద నాకు గౌరవం ఉంది. చివరి ఆయకట్టు రైతు గోడు కూడా అంతే నిజం.

వెళ్ళేవాళ్ళు కొన్ని సంగతులు మనసులో పెట్టుకోవాలి. లైనింగు చేసిన కాలువ పక్కలు నున్నగా, ఏటవాలుగా, పాచిపట్టి ఉంటాయి. లోపల పడితే ఈత వచ్చినవాళ్ళు కూడా పైకి రాలేరు. పిల్లలను ఎప్పుడూ నీటికి దూరంగా ఉన్న పక్కన నడపాలి. వాన పడ్డ మర్నాడు రేగడి గట్ల జోలికి పోవద్దు, బంకమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బిగుసుకుని సైకిలు కదలదు. మొరం పోసిన చోట ఇబ్బంది లేదు. సర్కారు తుమ్మ ముళ్ళు టైర్లను వదలవు, పంక్చరు సామాను దగ్గరుండాలి. చీకటి పడ్డాక గట్టు మీద ఉండొద్దు. 2025 మార్చిలో సానాపురం దగ్గర ఎడమ కాలువ ఒడ్డునే రాత్రివేళ కూర్చున్నవాళ్ళ మీద దాడి జరిగింది. ఆడవాళ్ళు అత్యాచారానికి గురయ్యారు, ఒక యువకుణ్ణి కాలువలోకి తోసి చంపారు. ఏకాంతం ఉన్న దారికి కాపలా కూడా ఉండాలి. లస్కర్ల ఉద్యోగాలను ఖాళీగా వదలకుండా నింపితే నీటికీ మనుషులకూ రెండింటికీ కాపలా అవుతుంది.

నీటిపారుదల శాఖ చెయ్యాల్సిన మిగతా పనులు కూడా పెద్ద ఖర్చువి కావు. సైకిలు దూరి, కారు ఆగేలా గట్టు మొదట్లో ఇనప కడ్డీలు. నీరు ఎత్తునుంచి దూకే డ్రాపుల దగ్గర పిట్టగోడ. దగ్గర దగ్గర దూరాల్లో నీటి అంచుకు మెట్లు, పట్టుకోవడానికి గొలుసు. తారు బదులు ఏటా ఒక వరస మొరం. మొదట ఆనెగొంది చుట్టుపక్కల పాత కాలువల మీద కొద్ది దూరం చేసి చూడొచ్చు, హంపికి వచ్చి సైకిళ్ళు అద్దెకు తీసుకునేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. ఆ తర్వాత కారటగి, సింధనూరు వైపు. కోతలయ్యాక, నవంబరు డిసెంబరుల్లో, క్యాంపుల దగ్గర గట్టు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అక్కడ దిగి, సైకిలును అంచున నడిపించుకుంటూ పోవాలి.