మస్టాంగ్‌కు ఊపిరి పోసిన ఇంజను

రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన పీ-51 మస్టాంగ్ అమెరికా విమానమే అయినా, దాన్ని అడిగి చేయించుకున్నది బ్రిటన్. 1940లో బ్రిటిష్ కొనుగోలు బృందం కాలిఫోర్నియాలోని నార్త్ అమెరికన్ ఏవియేషన్ దగ్గరికెళ్ళి, కర్టిస్ కంపెనీ వాళ్ళ పీ-40 విమానాలు తయారుచేసి పెట్టమంది. ఆ పాత నమూనా ఎందుకు, అంతకంటే మంచిది మేమే చేసిస్తామన్నారు కంపెనీవాళ్ళు. ఎడ్గర్ ష్మూడ్ బృందం రూపొందించిన ఆ విమానం అదే ఏడాది అక్టోబరు 26న మొదటిసారి ఎగిరింది.

దాని రెక్కలో బాగా మందంగా ఉండే చోటును మామూలు కంటే వెనక్కి జరిపారు. గాలి సుడులు తిరగకుండా రెక్క మీద ఎక్కువ దూరం సాఫీగా జారిపోవాలని వాళ్ళ ఆలోచన. నేలకు దగ్గరగా మస్టాంగ్ వేగానికి తిరుగులేదు. కానీ 15,000 అడుగులు దాటితే నీరసించిపోయేది. యుద్ధం జరుగుతున్నదేమో అంతకు చాలా పైన!

తప్పు విమానానిది కాదు, గాలిది. 25,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు. గాలి చాలకపోతే పెట్రోలు మండదు. అందుకే ఇంజనుతో పాటు తిరుగుతూ గాలిని కుక్కి లోపలికి పంపే సూపర్‌చార్జర్ అనే చక్రం పెడతారు. మస్టాంగ్‌లోని అల్లిసన్ ఇంజనుకు అలాంటి చక్రం ఒక్కటే ఉండేది.

1942 ఏప్రిల్ 30న రోల్స్ రాయిస్ పైలట్ రోనీ హార్కర్ ఈ విమానాన్ని నడిపి చూశాడు. దీనికి మా మెర్లిన్ 61 ఇంజను పెట్టండని పట్టుబట్టాడు. నా దృష్టిలో మస్టాంగ్ అసలు పుట్టుక ఆ రోజే. మెర్లిన్ 61లో ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు: మొదటిది అదిమిన గాలిని రెండోది మళ్ళీ అదుముతుంది. స్టాన్లీ హుకర్ అనే గణితవేత్త లెక్కలు కట్టి ఈ సూపర్‌చార్జర్‌కు పదును పెట్టాడు. అయితే గాలిని అదిమితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చేతికి వేడిగా తగలడం మనకు తెలిసిందే. వేడిగాలి వ్యాకోచిస్తే పడ్డ శ్రమంతా వృథా. అందుకని ఇంజనులోకి వెళ్ళే ముందు ఆ గాలిని చల్లబరిచే ఏర్పాటు చేశారు. ఓ ఎత్తు దాటగానే గేరు దానంతటదే మారి చక్రాలు వేగం పుంజుకునేవి. ఆ కుదుపు పైలట్‌కు తెలిసేది. ఈ ఇంజనుతో పైయెత్తుల్లో మస్టాంగ్ వేగం గంటకు సుమారు 700 కిలోమీటర్లకు చేరింది. అమెరికాలో ఈ ఇంజన్లను ప్యాకార్డ్ కంపెనీ తయారుచేసింది.

ఇక మిగిలింది దూరం. 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ మీదికి 291 అమెరికన్ బాంబర్లు బయల్దేరితే 60 తిరిగి రాలేదు. ఒక్కో దాంట్లో పదిమంది కుర్రాళ్ళు. కాపలా విమానాలు ఇంధనం చాలక దారిలోనే వెనుదిరగడంతో బాంబర్లు ఒంటరిగా చిక్కిపోయాయి.

దీనికి విరుగుడుగా మస్టాంగ్‌లో పైలట్ వీపు వెనక 85 గ్యాలన్ల ట్యాంకు అమర్చారు. రెక్కల కింద, అవసరం తీరాక వదిలేసే ట్యాంకులు తగిలించారు. వాటిలో కొన్ని బ్రిటన్‌లో కాగితాన్ని జిగురుతో అతికించి చేసినవి! పెట్రోలు కొన్ని గంటలుంటే నానిపోయేవి కాబట్టి సరిగ్గా బయల్దేరే ముందు మాత్రమే నింపేవారు. వీపు వెనక ట్యాంకు నిండుగా ఉంటే తోక బరువై విమానం అదుపు తప్పేది. అందుకని పైలట్లు ముందు అందులోంచి చాలా భాగం వాడేసి, తర్వాతే రెక్కల కింది ట్యాంకులకు మారేవారు. 1944 మార్చికల్లా మస్టాంగ్‌లు ఇంగ్లండ్ నుంచి బాంబర్ల వెంట బెర్లిన్ దాకా వెళ్ళి రాసాగాయి.