దోమ గుట్టు తేలింది మన గడ్డమీదే - పట్టిన చేతులకు గుర్తింపేదీ?

బొంరాస్‌పేట : వానాకాలం వచ్చిందంటే పల్లెల్లో జ్వరాల భయం మొదలవుతుంది. నీళ్ళ తొట్లు, డ్రమ్ములు వంగి చూసి దోమ లార్వాల కోసం వెదికే మలేరియా ఉద్యోగి గుమ్మంలోకి వస్తే విసుక్కునేవారే ఎక్కువ. ఆ దోమల వేటకే ఒకనాడు నోబెల్ బహుమతి లభించిందనీ, అది జరిగింది పరిగి మీదుగా బస్సెక్కితే పూటలో చేరుకోగల సికింద్రాబాదులోనేననీ ఎందరికి తెలుసు?

ఆయన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్. మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని లోకం నమ్మిన రోజులవి. 1897 ఆగస్టులో రాస్ హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. ఆగస్టు 20న మచ్చల రెక్కల దోమను కోసి సూక్ష్మదర్శిని కింద చూడగా, దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. ఏటా ఆ తేదీనే ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో నేటికీ ఉంది.

మరుసటి ఏడాది కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమకాటుతోనే వ్యాధి సోకుతుందని రాస్ రుజువు చేశాడు. 1902లో నోబెల్ వచ్చింది. అక్కడ ఆయనకు తోడ్పడిన కిశోరీ మోహన్ బందోపాధ్యాయకు 1903లో బంగారు పతకం దక్కింది. హుసేన్ ఖాన్‌కు దక్కినవి మాత్రం ఆ అణాలే!

పశువుల సంగతీ ఇంతే. రాస్ కంటే ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనేవారు పశువుల జ్వరాన్ని గోమార్లు వ్యాపింపజేస్తాయని నిరూపించారు. వారికి నోబెల్ రాలేదు. మన సంకరజాతి ఆవులకు ప్రాణాంతకమైన థైలేరియా జ్వరం కూడా గోమార్ల వల్లనే వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకేది, 8 లక్షల మంది మరణించేవారు. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, ఇల్లిల్లూ తిరిగి మందు చల్లాక 1960 దశకం మధ్యకు కేసులు లక్షకు దిగాయి. ఏమరుపాటు వచ్చేసరికి 1976లో మళ్ళీ 64 లక్షలు దాటాయి. ఆ మందు పంపు భుజాన మోసినవారెవరో ఏ పుస్తకంలోనూ లేదు.

డెంగీ దోమ మన ఇంటి మంచినీటిలోనే పెరుగుతుంది. వారానికొకసారి తొట్లు వంచి ఆరబెడితే దాని సంతతి ఎదగదు. ఈ మాట చెప్పడానికి వచ్చే ఉద్యోగికి కాస్త సహకరిస్తే అదే పెద్ద సన్మానం. ఏటా ఆగస్టు 20న మండల స్థాయిలోనైనా మలేరియా సిబ్బందిని, పశువైద్య సిబ్బందిని పిలిచి గౌరవిస్తే బాగుంటుంది. ఒక శాలువా ఖర్చు ఏపాటిది?