అన్నం మానేసినా ఒళ్ళు తగ్గదేం?

"డాక్టరుగారూ! నాలుగు నెలలుగా రాత్రిపూట అన్నం ముట్టడం లేదు. స్వీట్ల జోలికే పోవడం లేదు. అయినా బరువు తగ్గలేదు సరికదా, రెండు కిలోలు పెరిగాను. ఎందుకంటారు?" అని అడిగేవాళ్ళు మా ఆసుపత్రికి తరచు వస్తుంటారు. వీళ్ళు అబద్ధమాడటం లేదు. అన్నం నిజంగానే మానేశారు. కాని అన్నానికి బదులు ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో లెక్క చూసుకోలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు చపాతీల సంగతి చూద్దాం. నూరు గ్రాముల బియ్యంలోనూ, నూరు గ్రాముల గోధుమపిండిలోనూ కేలరీలు ఇంచుమించు సమానమే. గోధుమపిండిలో పీచు పదార్థం ఎక్కువ కనుక అది మంచిదే. అయితే ఒక్కొక్క చపాతీకి చెంచాడు నూనె వేసి కాలిస్తే, నాలుగు చపాతీలకు నూనె వల్లనే 180 కేలరీలు చేరతాయి. ఆపైన "పెరుగన్నం లేకపోతే తిన్నట్టుండదు" అని నాలుగు ముద్దలు కలుపుకుంటే ఇక మానేసిందేమిటి? రాగులు, జొన్నలు, కొర్రలు కూడా అంతే. అన్నానికి బదులుగా తినాలి గాని, అన్నంతో పాటు కాదు.

శనివారం ఒక్కపొద్దు ఉండేవారు రాత్రి ఫలహారంతో సరిపెట్టుకుంటారు. పెసలలో మాంసకృత్తులు బాగా ఉంటాయి. కాని అట్టు చుట్టూ పోసిన నూనె, లోపల పెట్టిన ఉప్మా, పక్కన బెల్లం వేసిన అల్లం పచ్చడి అన్నీ కలిస్తే ఆ ఫలహారం భోజనాన్ని మించిపోవచ్చు. తూకం మిషనుకు వారాలూ, తిథులూ తెలియవు కదా!

పొద్దున్నే నిమ్మరసంలో తేనె కలుపుకు తాగితే కొవ్వు కరుగుతుందని చాలామంది నమ్మకం. తేనె కొవ్వును కరిగించదు. రెండు పెద్ద చెంచాల తేనెలో సుమారు 120 కేలరీలుంటాయి. బెల్లం కూడా కేలరీలలో పంచదారకు దగ్గరగానే ఉంటుంది. తేనెలోనూ, పండ్లరసాలలోనూ ఉండే చక్కెరను కూడా పంచదారతో పాటే లెక్కలో వేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహాల్లో స్పష్టంగా చెప్పింది.

బత్తాయి ఒకటి ఒలుచుకు తింటే కడుపు నిండినట్టుంటుంది. అదే రసం తీస్తే మూడు నాలుగు కాయలు ఒక గ్లాసులో ఇమిడిపోతాయి. పీచు చాలావరకు పిప్పిలో పోతుంది, చక్కెర గ్లాసులో మిగులుతుంది. మధుమేహం ఉన్నవారికి ఇది మరీ చేటు.

వేరుశనగపప్పు, బాదం, జీడిపప్పు బలమైన ఆహారమే. గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే మంచిది. టీవీ చూస్తూ పొట్లం ఖాళీ చేస్తే ఆ బలమే నడుము చుట్టూ చేరుతుంది. నూనెల విషయమూ ఇంతే. "గుండెకు మంచిది" అని డబ్బా మీద రాసి ఉన్నా, ఏ నూనెలోనైనా గ్రాముకు 9 కేలరీలే.

ఈ లెక్క తెలియక నిరాశపడి, కొందరు నియమాలన్నీ వదిలేస్తారు. కొందరు పూర్తిగా పస్తులుంటారు. మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు ఇలా పస్తులుంటే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు. డాక్టరును అడగకుండా ఆ పని చేయకండి.

మీరు చేయవలసింది కష్టమైనది కాదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, నెలకు ఎంత నూనె కొంటున్నారో చూడండి. మనిషికి అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాటకూడదు. నూనె సీసాతో వంచకుండా చెంచాతో కొలిచి వాడండి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పండు పండుగానే తినండి. మజ్జిగ వెన్న తీసి తాగండి. రోజూ అరగంట వేగంగా నడవండి. వారానికొకసారి, ఒకే వేళకు బరువు చూసుకోండి. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి.

ఎనభై కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా రక్తపోటుకు, మధుమేహానికి, మోకాళ్ళకు మేలే. ఇవన్నీ రెండు మూడు నెలలు శ్రద్ధగా పాటించినా బరువు పెరుగుతూ, నీరసం, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం కూడా ఉంటే, అప్పుడు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.