గోదారి నీళ్లలో చెంచాడు ఉప్పు

వరద రోజుల్లో గోదావరి ఎర్రగా పారుతుంది కదా. ఆ నీళ్లు రెండు గాజు గ్లాసుల్లో పట్టి, ఒకదాంట్లో చెంచాడు ఉప్పు కలిపి, కదపకుండా ఉంచండి. ఉప్పు వేసిన గ్లాసే ముందు తేరుకుంటుంది. ఏడో తరగతి పిల్లలకు నదికీ సముద్రానికీ ఉన్న పొత్తు చెప్పాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టమంటాను.

మంచినీళ్లలో సన్నటి బంకమట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. ఉప్పు ఆ తోపులాటను తగ్గిస్తుంది. రేణువులు అతుక్కుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసేచోట జరిగేదీ ఇదే. ఇసుకను మాత్రం అలలు ఉత్తరానికి తోసుకెళ్తాయి. కాకినాడకు అలల దెబ్బ తగలకుండా అడ్డుగా ఉన్న హోప్ ఐలాండ్ అలా పేరిందే.

అడుగుకు దిగిన ఆ బంకమట్టి బురదలోనే కోరింగ మడ అడవి పెరిగింది. బురదకు గాలాడదు గనుక మడచెట్లు వేళ్లను పెన్సిళ్లలా పైకి పొడిచి ఊపిరి తీస్తాయి. రాలిన ఆకుల్ని పీతలు కొరుకుతాయి, సూక్ష్మజీవులు కుళ్లబెడతాయి. ఆ పొడి రొయ్యపిల్లలకు తిండి.

ఇక్కడ తొందరపడకూడదు. మనం తినే రొయ్య ఎక్కడ పుట్టిందని పిల్లల్ని అడగండి. చెరువులో అంటారు, మన జిల్లాల్లో అది సహజమే. కానీ టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. కంటికి ఆనని పిల్ల పోటునీటితో మొగలోకి వచ్చి, మడవేళ్ల చాటున పెద్దచేపల నోట పడకుండా పెరిగి, మళ్లీ సముద్రం చేరుతుంది. పులసది ఎదురు ప్రయాణం. సముద్రంలో ఇలస అనిపించుకునే ఈ చేప వరద రాగానే మంచినీళ్లలో గుడ్లు పెట్టేందుకు ఏటికి ఎదురీదుతుంది. ధవళేశ్వరంలో 1852లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ డెల్టాకు అన్నం పెట్టాయి. పులస దారికి అడ్డం పడినవీ అవే. ఈ రెండు మాటలూ పిల్లలకు కలిపే చెప్పాలి.

ఎగువన కట్టిన జలాశయాలు ఒండ్రునూ ఆపేస్తాయి. తీరాలు కోతకు గురవడానికి అదొక కారణం. కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రం ఇళ్లను మింగుతూనే ఉంది. 1978లో అభయారణ్యమైన కోరింగకు పాటు వేళ పిల్లల్ని తీసుకెళ్లి, చెక్కబాట మీంచి ఊపిరివేళ్లు చూపించండి. తిరుగుదారిలో ఉప్పాడలో ఆగి, ఒడ్డు ఒకప్పుడు ఎందాకా ఉండేదో అక్కడి తాతల్ని అడిగి రాసుకోమనండి.